వేడి బయట, చలువ లోపల

చుట్టాలు కొండకు బయల్దేరే హడావిడిలో రెండు స్టీలు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్నాయని, ‘వేడినీళ్లు పొయ్యరా’ అంటే మీ తమ్ముడు లోపలి గ్లాసులో పోశాడని రాశారు కదక్కా, నవ్వు ఆగలేదు! పాపం, సరిగ్గా తలకిందులు చేశాడు. వేడికి లోపలి గ్లాసు వ్యాకోచించి ఇంకా బిగుసుకుంటుంది.

చల్లారాక లోపలి గ్లాసులో ఐసుముక్కలు, కాసిని నీళ్లు వేసి, బయటి గ్లాసును వేడినీళ్ల గిన్నెలో రెండు నిమిషాలు ఉంచండి. గుడ్డతో పట్టుకుని మెలితిప్పుతూ లాగండి. రాకపోతే అంచు సందులో రెండు చుక్కల నూనె వేసి మళ్లీ చేయండి. సుత్తి మాత్రం వద్దు, సొట్టపడితే ఇంకా కష్టం. మే నెలలో మన తిరుపతిలో అయితే నీళ్లు కాచే పనే లేదు, మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లే చాలు. పోయినేడు నేను అలాగే తీశాను.