మూత్రనాళం సన్నబడితే పొట్ట కోయవలసిందేనా?

ప్రశ్న: మా అమ్మగారికి 52 ఏళ్లు. గర్భసంచి తీయించిన కొన్నాళ్లకు ఎడమ కిడ్నీ వాచింది. మూత్రనాళం కింది భాగం సన్నబడిందని, లాపరోస్కోపీతో సరిచేస్తామని డాక్టర్లు అంటున్నారు. ఇది ఉద్దానం జబ్బేమోనని అమ్మ భయపడుతోంది. కోత లేకుండా నయమవుతుందా?
– ఒక పాఠకురాలు, సోంపేట, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ముందుగా అమ్మగారికి ధైర్యం చెప్పండి. ఉద్దానం జబ్బు కిడ్నీల కణజాలాన్నే మెల్లగా దెబ్బతీస్తుంది. మీరు రాసినది మూత్రం దిగే దారిలో ఏర్పడిన అడ్డంకి. అయితే రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు వడపోసే వ్యర్థం) బాగుందని మాత్రం ఊరుకోవద్దు. రెండో కిడ్నీ సరిగా పనిచేస్తున్నంతకాలం ఆ అంకె మామూలుగానే ఉండవచ్చు, ఈలోగా ఎడమ కిడ్నీ నొప్పి కూడా తెలియకుండా పాడైపోవచ్చు. అందుకే ఆపరేషన్‌కు ముందు డీటీపీఏ వంటి స్కాన్‌తో దాని పనితీరు తెలుసుకుంటారు.

కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే, సుమారు 25 సెం.మీ. పొడవుండే ఈ మూత్రనాళం గర్భాశయ రక్తనాళం కిందుగా వెళ్తుంది కనుక, ఎంత జాగ్రత్తగా చేసినా గర్భసంచి తీసే ఆపరేషన్‌లో ఒక్కోసారి దెబ్బతింటుంది. లాపరోస్కోపీలో పెద్ద కోత లేకుండా, పొట్టపై చిన్న రంధ్రాల గుండా కెమెరాను, పనిముట్లను పంపి, సన్నబడిన చోటుకు పైన నాళాన్ని కత్తిరించి, మూత్రాశయానికి కొత్త చోట కుడతారు. పొడవు చాలకపోతే మూత్రాశయాన్నే పైకి లాగి నడుము లోపలి కండరానికి కుట్టి, బిగువు లేకుండా చూస్తారు; కుట్టు నిలవడానికి అదే కీలకం. బెలూన్‌తో వెడల్పు చేయడం తేలికే గానీ మళ్లీ మూసుకుపోయే అవకాశం ఎక్కువ.

ఆపరేషన్‌లో నాళం లోపల ఉంచే డీజే స్టెంట్‌ను (మూత్రం సాఫీగా దిగడానికి పెట్టే సన్నని గొట్టం) సాధారణంగా 4–6 వారాలకు తీస్తారు. నొప్పి తగ్గిందని దాన్ని మరచిపోతే దానిపైనే రాళ్లు పేరుకుంటాయి. తీయించే తేదీని డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి.