కస్టమర్ల చేతికి ఎఫ్‌టీపీ ఇవ్వాలా?

ప్రశ్న: సార్, మాది హన్మకొండ. ఒక సర్వర్ అద్దెకు తీసుకుని చిన్న దుకాణాలకు, రెండు మూడు స్కూళ్లకు వెబ్ హోస్టింగ్ ఇస్తున్నాను. 40 మంది కస్టమర్లున్నారు. ఇన్నాళ్లూ వాళ్ల పేజీలన్నీ నేనే ఎక్కించాను. ఇక నా వల్ల కావడం లేదు. ఎఫ్‌టీపీ (నెట్ ద్వారా ఫైళ్లను సర్వర్‌కు ఎక్కించే పద్ధతి) ఇచ్చేస్తే ఎవరి పేజీలు వాళ్లే పెట్టుకుంటారని ఫ్రెండ్స్ అంటున్నారు. ఇవ్వమంటారా?

జవాబు: ఎఫ్‌టీపీ మాత్రం వద్దు. అది 1971 నాటిది. మొదటి రూపం రాసింది మనవాడే, ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అభయ్ భూషణ్. అప్పట్లో నెట్‌వర్క్ వాడేవాళ్లు కొద్దిమందే కాబట్టి దొంగల భయం లేదు. అందుకే మామూలు ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ పోస్టుకార్డు మీద రాసినట్టు బాహాటంగా పోతుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ 2021లో దాన్ని తీసేశాయి.

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు అమ్మే నా కస్టమర్, ఒక పెద్దాయన, అలవాటైన పద్ధతే ఉంచమంటే, కాదనలేక ఎఫ్‌టీపీ ఉంచాను. ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశారు. "బిడ్డా, నా దుకాణంల ఇదేంది?" జంపఖానాల ఫొటోల కింద లాటరీ లింకులు! ఎవరెప్పుడు లోపలికి వచ్చారో సర్వర్ రాసుకునే లాగ్ తీసి చూస్తే రాత్రి మూడింటికి ఎవరో ఆయన పాస్‌వర్డ్‌తోనే, ఒక్క తప్పు కూడా కొట్టకుండా లోపలికి వచ్చారు. తప్పు ఆయనది కాదు, నాది. ఆ గొంతు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది.

సైట్ మొత్తం తయారుచేసి ఎక్కించేవాళ్లకు, అంటే మీ స్కూళ్ల కంప్యూటర్ సార్లకు, ఎస్ఎఫ్‌టీపీ ఇవ్వండి. పేరు దగ్గరగా ఉన్నా ఇది వేరే. ఫిన్లాండ్‌లో తమ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌లు కొట్టేశారని 1995లో టాటూ ఇలోనెన్ ఎస్ఎస్‌హెచ్ రాశాడు, అంటే పాస్‌వర్డ్‌తో సహా అంతా దారిలో ఎవరూ చదవలేకుండా దాచి పంపే పద్ధతి. ఎస్ఎఫ్‌టీపీ నడిచేది దాని మీదే, 22వ పోర్టులో (పోర్టు అంటే సర్వర్‌కు ఒక తలుపు లాంటిది). ఒక్కొక్కరికి ఒక్కో యూజర్ పెట్టి, ఎవరి ఫోల్డర్ దాటి వాళ్లు బయటికి రాకుండా కట్టేయండి. అందరూ తడబడేది ఇక్కడే: అలా కట్టేసిన ఫోల్డర్ రూట్ (సర్వర్ మీద అన్ని హక్కులూ ఉన్న యూజర్) పేరు మీదే ఉండాలి, కస్టమర్‌కు అందులో రాసే హక్కు ఉండకూడదు. ఉంటే లాగిన్ అసలు కాదు. దాని లోపల ఇంకో ఫోల్డర్ చేసి, అది కస్టమర్ పేరు మీద పెట్టండి. ఎఫ్‌టీపీకే తాళం వేసిన రూపం ఎఫ్‌టీపీఎస్ కూడా పాస్‌వర్డ్‌ను దాస్తుంది కానీ, సర్వర్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్‌లో బోలెడు పోర్టులు తెరవాలి. ఆ టెన్షన్ మీకెందుకు?

దుకాణాల వాళ్లకు ఇవేవీ చెప్పకండి. బ్రౌజర్‌లోనే తెరుచుకునే ఫైల్ మేనేజర్ ఇవ్వండి, దానికి హెచ్‌టీటీపీఎస్ (దారిలో ఎవరూ చదవలేని వెబ్ కనెక్షన్) తప్పనిసరి. మొదటిసారి పక్కనే కూర్చోండి. ఎనుమాములలో ఒక మిర్చి వ్యాపారి ఫొటో ఎక్కించినా పేజీలో కనిపించలేదు. అరగంట వెతికాం. పేజీలో ఫొటో పేరు చివర ఉండే జేపీజీ (jpg) చిన్న అక్షరాల్లో ఉంది, ఆయన ఎక్కించిన ఫైల్ పేరులో పెద్ద అక్షరాల్లో ఉంది. సర్వర్‌ను నడిపే లైనక్స్‌కు అవి రెండూ వేర్వేరు పేర్లు.

ఎవరో ఒకరు పాత పేజీ మీద కొత్తది ఎక్కించి పాతది పోగొట్టుకోవడం ఖాయం, కాబట్టి రోజూ బ్యాకప్ తీసి కనీసం వారం రోజులవి ఉంచండి. ముందు ముగ్గురికి ఇచ్చి నెల రోజులు చూడండి. మిగతా 37 మందికి ఆ తర్వాతే.