క్రూసేడర్‌కు లేత నీలం వేయవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి పుట్టినరోజుకని 1/48 స్కేలు టామియా కంపెనీ క్రూసేడర్ ట్యాంకు కిట్ కొన్నాను. కడుతున్నది మాత్రం నేనే. పాత బొమ్మల్లో ఇసుక రంగు మీద లేత నీలం పట్టీలు కనిపిస్తాయి. అలాగే వేయవచ్చా? ముందు భాగంలోని చిన్న టరెట్ (తుపాకీ ఉండే గూడు) అతికించాలా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ ట్యాంకు ఏ నెలలో యుద్ధం చేసిందో ముందు తేల్చుకోండి, తర్వాతే రంగు డబ్బా మూత తీయండి. క్రూసేడర్ రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ట్యాంకు. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో అది మొదట పోరులోకి దిగింది 1941 జూన్‌లో, బ్యాటిల్‌యాక్స్ దాడిలో. అప్పట్లో స్కేలు పెట్టి గీసినట్లుండే మూడు రంగుల పట్టీలతో ట్యాంకును శత్రువు కంటపడకుండా చేసే కాంటర్ పద్ధతి నడుస్తోంది. మీరు లేత నీలం అనుకుంటున్నది అందులోని ‘సిల్వర్ గ్రే’, అంటే ఆకుపచ్చ జీర ఉన్న బూడిద రంగు. నీలం కానే కాదు. యుద్ధం ముగిశాక మ్యూజియంలో నీలం పూసి నిలబెట్టిన ట్యాంకును చూసి మన మోడల్ ప్రియులు దశాబ్దాల పాటు మోసపోయారు. 1942 తొలి నెలల బండి అనుకుంటే పని సులువు, ఇసుక రంగు ఒక్కటే చాలు.

చిన్న టరెట్ సంగతీ అంతే. బీసా మెషిన్‌గన్‌తో పాటు ఒక మనిషి ముడుచుకు కూర్చునే ఇరుకు గూడు అది. లోపల వేడి, తుపాకీ పొగ. సిబ్బందే చాలా బండ్లలో దాన్ని పీకేసి, ఆ రంధ్రం మీద రేకు బిగించారు. 1941 జూన్ బండి అయితే అతికించండి. తర్వాతి బండి అయితే పలుచని ప్లాస్టిక్ షీటు గుండ్రంగా కోసి మూసేయండి. నాకు ఇదే ఇష్టం.

దుమ్ము విషయంలో మొహమాటపడకండి. ఇంజనుకు గాలినిచ్చే ఫిల్టర్లను వెనుక మడ్‌గార్డుల మీద పెట్టారు, సరిగ్గా ట్రాక్‌లు దుమ్ము రేపే చోట! ఏ మహానుభావుడి ఆలోచనో గాని, మోడల్ కట్టేవారికి వరం. లేత ఇసుక పొడిని మెత్తని కుంచెతో అక్కడ దట్టంగా, టరెట్ మీద పలుచగా అద్దండి. గోధుమరంగు బురద మాత్రం వద్దు.

ప్రశ్న: అదే కాలపు మరో బ్రిటిష్ ట్యాంకు కవెనంటర్‌కు కూడా ఎడారి రంగే వేయాలా? – మరో పాఠకుడు, వరంగల్

జవాబు: అక్కర్లేదు. కవెనంటర్లు 1,700కు పైగా తయారైనా, రేడియేటర్లను ముందు భాగంలో పెట్టడంతో ఇంజను వేడెక్కే జబ్బు వదల్లేదు. బ్రిటన్‌లో శిక్షణకే సరిపెట్టారు. అక్కడి రంగులే వేయండి. డబ్బాలో ఉన్నది కవెనంటరో కాదో అనుమానముంటే పక్కనున్న పెద్ద చక్రాలు లెక్కపెట్టండి: ఒక్కో వైపు నాలుగుంటే కవెనంటర్, ఐదుంటే క్రూసేడర్.