తెల్ల లెన్స్ ఇంట్లో పెట్టి రెండు రాత్రులు నికాన్‌తో కబడ్డీ తీశాను

ప్రశ్న ఏంటంటే, "చాలా ఏళ్లుగా కెనాన్ 7డి మార్క్ 2తో ఊళ్లల్లో కబడ్డీ, వాలీబాల్ తీస్తున్నాను, ఇప్పుడు నికాన్ జెడ్8 మీద మనసు పడింది, స్పోర్ట్స్‌కి మారొచ్చా?" అని.

నాదీ అదే 7డి మార్క్ 2, అదే పని, అందుకే చూసి ఊరుకోలేక రాస్తున్నాను. మారాలా వద్దా అన్నది తర్వాత. ముందు ఆ జెడ్8 అద్దెకు తెచ్చుకుని మీ ఊరి గ్రౌండ్‌లో, మీ ఊరి లైట్ల కింద, రెండు రాత్రులు తీయండి. ఒక్క రాత్రి తీసి తేల్చేయొద్దు. నేను మొదటి రాత్రితోనే ఆపేసుంటే "నికాన్ మనకి పనికిరాదు" అని జీవితాంతం చెప్పుకు తిరిగేవాణ్ణి, అది అబద్ధం అయ్యేది.

మాది కోనసీమ. సంక్రాంతికి ఇక్కడ నాలుగైదు ఊళ్లల్లో రాత్రి పూట కబడ్డీ టోర్నమెంట్లు జరుగుతాయి. పండగొస్తే కెమెరా ఉన్న ప్రతివాడూ కోడిపందేల బరి దగ్గరే ఉంటాడు, రెండు వీధుల అవతల ఏడాదంతా పొలం పని చేసుకుంటూ సాయంత్రాలు ప్రాక్టీస్ చేసిన కుర్రాళ్లు కూత పెట్టి ఆడుతుంటే ఒక్కడు రాడు. ఈ బాధ నాకు చాలా ఏళ్లుగా ఉంది. ఆ కుర్రాళ్లకి వాళ్ల ఆట ఫోటో ఒక్కటి ఉంటే ఫోన్‌లో వాల్‌పేపర్‌గా పెట్టుకుంటారు, పెళ్లిచూపుల్లో కూడా చూపిస్తారు, అంత విలువ దానికి. అందుకే నాకు ఎవరైనా డబ్బులిచ్చినా ఇవ్వకపోయినా వెళ్తాను.

సరే, విషయంలోకి వస్తా. విజయవాడలో ఒక రెంటల్ షాపులో జెడ్8, దాని 70-200 ఎఫ్/2.8 లెన్స్ మూడు రోజులకి తీసుకున్నాను. ఆధార్ కార్డు, డిపాజిట్, ఖాళీ చెక్కు, ఇంకా ఊళ్లో తెలిసినవాళ్ల నంబర్లు రెండు, పిల్లనిచ్చేటప్పుడు కూడా మా మావయ్య ఇన్ని అడగలేదు. అన్నీ అడిగిన షాపాయన సీఎఫ్ఎక్స్‌ప్రెస్ మెమరీ కార్డు ఇచ్చి దాని రీడర్ ఇవ్వడం మర్చిపోయాడు. మన 7డి మార్క్ 2లో ఉండేది పాత సీఎఫ్ కార్డు, పేరు దగ్గరగా ఉంది కదా అని మన రీడర్లో పెడదామంటే పట్టదు, రెండూ పూర్తిగా వేరు. రాత్రి ఒంటిగంటకి ఈ సంగతి తెలిసింది నాకు. చివరికి కెమెరాకే టైప్ సీ కేబుల్ పెట్టి లాప్‌టాప్‌లోకి లాగాను. జెడ్8కి రెండు టైప్ సీ పోర్టులు ఉంటాయి, ఒకటి ఛార్జింగ్‌కి, ఒకటి డేటాకి, నేను ఛార్జింగ్ దాంట్లో పెట్టి ఇరవై నిమిషాలు కూర్చున్నాను. మీరు తెచ్చుకునేటప్పుడు రీడర్ అడిగి తీసుకోండి.

చేతిలోకి తీసుకుంటే బరువు తేడా ఏం తెలీలేదు, తర్వాత చూస్తే రెండిటికీ బ్యాటరీ, కార్డుతో కలిపి 910 గ్రాములే రాసుంది. అక్కడితో పోలిక అయిపోయింది. లెన్స్ బిగించడం దగ్గర్నుంచే తేడా, కెనాన్ ఒక వైపు తిప్పి బిగిస్తే నికాన్ దానికి ఎదురు వైపు తిప్పాలి. జూమ్ రింగు కూడా అంతే, ఎదురు. ఇది ఎవరి తప్పూ కాదు, ఎవరి పద్ధతి వాళ్లది, కానీ పదేళ్లు ఒక వైపు తిరిగిన చెయ్యి "ఇవాళ్టి నుంచి ఇటు తిప్పు" అంటే వింటుందా?

వినలేదు. మొదటి రాత్రి సెమీఫైనల్, ఇంకో నిమిషం కూడా లేదు, స్కోరు సమానం. కూతకెళ్లిన రైడర్ ఆ చివర లెఫ్ట్ కార్నర్ కుర్రాణ్ణి తాకి వెనక్కి తిరిగాడు, రైడర్ చీలమండ పట్టేశారు, ఇంకో ఇద్దరు మీద పడ్డారు, వాడు ఆ బరువంతా ఈడ్చుకుంటూ నేను కూర్చున్న వైపే మిడ్ లైన్ మీదికి దూకాడు. అందరూ ఫ్రేములో పడాలంటే నేను జూమ్ తగ్గించి 70కి రావాలి. చెయ్యి అలవాటు కొద్దీ తిప్పింది, అది నేరుగా 200కి పోయింది. ఒక మోకాలు, కొంచెం మట్టి, ఎవరిదో జెర్సీ మీద సగం నంబరు, అంతే వచ్చింది. పక్కన ఊరు ఊరంతా అరుస్తోంది, నేను మాత్రం కెమెరా కిందికి దించేసి కూర్చున్నాను. ఆ కుర్రాడు తర్వాత వచ్చి "అన్నా, నా దూకుడు పడిందా?" అని అడిగాడు. లేదని చెప్పడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు.

ఇంకొకటి, ఫోకస్. రివ్యూ వీడియోల్లో పార్కులో ఒకమ్మాయి కెమెరా వైపు పరిగెత్తుకొస్తుంటే కంటి మీద ఫోకస్ డబ్బా అతుక్కుని ఉంటుంది, అది చూసి ఆహా అనుకుంటాం. ఆ వీడియోలు చేసేవాళ్లని ఒక్కసారి కబడ్డీ కోర్టు పక్కన కూర్చోబెట్టాలి. ఏడుగురు డిఫెండర్లు చేతులు పట్టుకుని గొలుసులా కదులుతుంటారు, అంపైర్ మధ్యలోకి వస్తాడు, వెనకాల జనం ముఖాలు వందల్లో. ఏ కంపెనీదైనా సరే, ముఖాలు వెతికే ఫోకస్‌ని మొత్తం ఫ్రేముకి వదిలేస్తే ఏ ముఖం దొరికితే దాన్ని పట్టుకుంటుంది. మొదటి రాత్రి నేను చేసిన పని అదే, మొత్తం ఏరియాకి పెట్టి వదిలేశాను. రెండో రాత్రి చిన్న ఫోకస్ డబ్బా ఒకటి పెట్టుకుని, దాన్ని రైడర్ ఛాతీ మీద ఉంచి, వెనక బటన్‌తో ఫోకస్ పట్టాను, 7డి మీద ఎప్పుడూ చేసే పనే. అప్పుడు దారిలోకి వచ్చింది.

ఇక లైట్లు. ఇక్కడ కెమెరాల కంటే నిర్వాహకుల్ని అడగాల్సింది ఎక్కువ. నాలుగు వెదురు గెడలకి నాలుగు ఫ్లడ్ లైట్లు కట్టి స్టేడియం అంటారు, అందులో రెండు స్టేజీ మీద కూర్చున్న పెద్దల వైపు తిప్పి ఉంటాయి! మనకి కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ లైట్లు సెకనుకి 100 సార్లు పెరిగి తగ్గుతుంటాయి, కంటికి కనపడదు గానీ 1/800 సెకను షట్టర్ స్పీడులో తీస్తే ఒక ఫోటో వెలుగు, పక్క ఫోటో నల్లన, ఇంకోటి సగం పసుపు. ఈ విషయంలో మన 7డి మార్క్ 2ని నేను తక్కువ చేయను, 2014లోనే లైటు ఎప్పుడు పెరుగుతుందో చూసి ఆ క్షణానికి షట్టర్ వదిలే యాంటీ ఫ్లికర్ దాంట్లో పెట్టారు, కెనాన్‌లో అది మొదట వచ్చింది దీంట్లోనే. జెడ్8లోనూ ఫ్లికర్ తగ్గించే సెట్టింగు ఉంది, కాకపోతే మెనూలోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి. స్పాన్సర్ ఎల్ఈడీ తెర వెనకాల వస్తే సన్నటి గీతలు పడతాయి, దానికి షట్టర్ స్పీడుని చాలా చిన్న తేడాలతో సర్దుకునే ఆప్షన్ వేరే ఉంది. ఆ తెరని గోల్‌పోస్టులాగా సరిగ్గా కోర్టు వెనకే ఎందుకు పెడతారో, పక్కకి జరపండి బాబూ అంటే వినరు.

ఇప్పుడు రెండో రాత్రి. నేను చెప్పాలనుకున్నది అసలు ఇదే.

మన 7డి లాంటి, లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్‌లో బటన్ నొక్కినప్పుడు అద్దం పైకి లేస్తుంది, ఆ క్షణం మనం కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ నల్లబడుతుంది. అంటే ఫోటో పడే క్షణమే మనకి కనపడదు. మా సీనియర్లు చెప్పేవారు, చూసింది పడలేదు, పడింది చూడలేదు అని. సెకనుకి పది ఫ్రేములంటే పదిసార్లు రెప్ప వేసినట్టు. ఇన్నేళ్లూ నేను ఆటని ముక్కలు ముక్కలుగానే చూశానన్నమాట, అది నాకే తెలీలేదు. జెడ్8లో అద్దం లేదు, అసలు మెకానికల్ షట్టరే లేదు, సెన్సార్ అంత వేగంగా చదివేస్తుంది కాబట్టి ఆ పాత ఎలక్ట్రానిక్ షట్టర్లలో లాగా వేగంగా కదిలేవి వంగిపోయినట్టు రావడం నాకు కనపడలేదు, సెకనుకి 20 రా (కెమెరా ప్రాసెస్ చేయని) ఫ్రేములు తీస్తున్నా వ్యూఫైండర్ నల్లబడదు.

ఫైనల్‌లో డూ ఆర్ డై రైడ్, అంటే పాయింటు తేకపోతే రైడరే అవుట్. నల్లగా సన్నగా ఉండే కుర్రాడు, పద్దెనిమిదేళ్లు కూడా ఉండవు. లోపలికి వెళ్లాడు, ఒక్కణ్ణీ తాకలేదు, టైము అయిపోతోంది. రైట్ కార్నర్ వాడు ఆశపడి నడుము పట్టబోయాడు, ఈ కుర్రాడు వాడి వీపు మీద చెయ్యేసి అలా గాల్లో తిరిగి మిడ్ లైన్ వైపు పడ్డాడు. మొదట్నుంచి చివరిదాకా చూశాను. వేళ్లు వీపుకి తగలడం చూశాను, మట్టి లేవడం చూశాను, వాడి నోరు ఇంకా కూత పెడుతూనే ఉంది, అదీ చూశాను. వేళ్లు గీతకి అవతల పడిన ఫ్రేము ఏదో బటన్ వదలకముందే తెలిసిపోయింది నాకు. జూమ్ కూడా ఈసారి చెయ్యి సరైన వైపే తిప్పింది, ఎలా తిప్పిందో మరి, ఆ పగలంతా ఇంట్లో కూర్చుని మా అబ్బాయిని వరండాలో అటూ ఇటూ పరిగెత్తించి ప్రాక్టీస్ చేశాను, ఆ ఫలితం అనుకుంటా. ఒళ్లంతా జలదరించిందండీ. ఇన్నేళ్ల తర్వాత కబడ్డీ మళ్లీ కొత్తగా చూసినట్టుంది.

కానీ ఒక లోటు కూడా చెప్పాలి. 7డి టకటకమని కొడుతుంటే ఎన్ని తీశానో చెవికి తెలిసేది, చాలు అనిపించగానే వేలు తీసేసేవాణ్ణి. ఇది నిశ్శబ్దం. ఒక రైడ్ 30 సెకన్లు, వేలు తీయకపోతే 600 ఫోటోలు! రాత్రి రెండింటికి కూర్చుని ఏరాలి, ఒక్కో ఫైలు 45 మెగాపిక్సెల్, నా లాప్‌టాప్ మూలిగింది. నేను ఫోటోలు పంపే పేపర్‌కి తెల్లారేలోపు నాలుగు చాలు, డెస్కులో వాళ్లు అందులో ఒకటి వేస్తారు, అదీ సింగిల్ కాలమ్‌లో, పేరు లేకుండా. ఫోటో కింద పేరు వేయడానికి ఎంత సిరా అవుతుందో నాకు ఎప్పటికీ అర్థం కాదు. రెండో రోజు కృత్రిమ షట్టర్ సౌండు ఆన్ చేసుకున్నాను, కొంత నయం. బాడ్మింటన్ తీసేవాళ్లకి మాత్రం ఈ నిశ్శబ్దమే వరం, సర్వీస్ అప్పుడు కూడా ధైర్యంగా తీయొచ్చు.

చాలామంది అడిగే ఇంకో సందేహం, మన 7డిలో ఉండే చిన్న (క్రాప్) సెన్సార్‌కి 200 అంటే 320 లాగా పనిచేస్తుంది కదా, జెడ్8లో ఉండే పెద్ద (ఫుల్ ఫ్రేము) సెన్సార్‌కి వెళ్తే దూరం పోతుంది కదా అని. జెడ్8ని సెన్సార్ మధ్య భాగాన్నే వాడే డీఎక్స్ క్రాప్‌లో పెడితే కూడా 19 మెగాపిక్సెల్ పైనే మిగులుతుంది, మన 7డిది మొత్తమే 20, కాబట్టి ఆ భయం అక్కర్లేదు. పైగా కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవే, గీత పక్కన చోటిస్తే దూరం సమస్యే కాదు. చోటివ్వరు, అది వేరే కథ. ఫుల్ ఫ్రేము సెన్సార్ విస్తీర్ణం మనదానికి రెండున్నర రెట్లు, ఆ వెదురు గెడల వెలుతురులో, చీకటి కొద్దీ పెంచాల్సి వచ్చే ఐఎస్ఓ 6400 దగ్గర ఆ తేడా ముఖాల్లో కనపడుతుంది, చెమట చెమటలా వచ్చింది, ఇసకలా కాదు.

చోటు అంటే గుర్తొచ్చింది. నా కెనాన్ 70-200 తెల్లది కదా, ఆ తెల్ల లెన్స్ చూస్తే నిర్వాహకులు పెద్ద పేపర్ వాళ్లనుకుని కుర్చీ వేస్తారు. నల్ల లెన్స్‌తో వెళ్తే "ఏం అన్నా, ఈసారి పెద్ద కెమెరా తేలేదా?" అన్నారు. దానికంటే ఎంతో ఖరీదైనది నా చేతిలో ఉంది అప్పుడు.

ఇంతా చెప్పి నేను మారానా? మారలేదు. ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. నాకు నచ్చింది నికాన్ అని కాదు, నల్లబడని వ్యూఫైండర్. సోనీ వాళ్లు 2017లోనే ఏ9లో ఇచ్చారు, కెనాన్‌లో 2021లో వచ్చిన ఆర్3లో ఉంది, అంత వేగంగా చదివే సెన్సార్ ఉన్న కెమెరా బాడీ ఏ కంపెనీదైనా చాలావరకు ఇస్తుంది. నా దగ్గర కెనాన్ డీఎస్ఎల్ఆర్‌కి వాడే ఈఎఫ్ లెన్సులు రెండు, ఫ్లాష్ ఉన్నాయి, కెనాన్ అడాప్టర్ పెడితే ఆ లెన్సులు అద్దం లేని కెనాన్ ఆర్ బాడీల మీద ఫోకస్‌తో సహా చక్కగా పనిచేస్తాయి. నికాన్‌కి వెళ్తే బయటి కంపెనీల అడాప్టర్లు ఉన్నాయి గానీ ఫైనల్ మ్యాచ్ మధ్యలో వాటిని నమ్ముకునే ధైర్యం నాకు లేదు, అన్నీ అమ్మి మళ్లీ కొనాలి. 2023లో వచ్చినప్పుడు జెడ్8 బాడీ ఒక్కటే మూడు లక్షల పైమాట, దానికి లెన్స్, కార్డులు, రీడర్ కలిపితే మాలాంటి స్ట్రింగర్‌కి, అంటే ఉద్యోగం కాకుండా పేపర్‌కి ఫోటోలు పంపేవాడికి, అయ్యే పని కాదు. మీకు పాత లెన్సులు పెద్దగా లేకపోతే మీ లెక్క వేరే వస్తుంది, అప్పుడు జెడ్8 నిరభ్యంతరంగా తీసుకోండి.

నేను వచ్చే సంక్రాంతికి ఆర్3 అద్దెకు తెచ్చి అదే గ్రౌండులో, అదే మూల కూర్చుని, మళ్లీ రెండు రాత్రులు తీస్తాను, అప్పుడు ఇదే జవాబు కింద కలుపుతాను. ఈలోపు మీ గ్రౌండులో ఉన్నవి పాత మెటల్ హాలైడ్ లైట్లా, ఎల్ఈడీలా, కోర్టుకి ఎంత దూరంలో కూర్చోనిస్తారో కామెంట్లో రాయండి, ఏ సెట్టింగులతో మొదలుపెట్టాలో చెప్తాను. ఆ మొదటి రాత్రి కుర్రాడి దూకుడు మాత్రం నాకు ఇంకా బాకీ ఉంది, ఈసారి వాడి టీము ఆడుతోందో లేదో కనుక్కోవాలి.