ఆరున్నాయి సరే, జోడీ ఏది?

పోయిన నెల పోకెమాన్ డబుల్స్ (ఒక్కో వైపు రెండేసి పోకెమాన్లు ఒకేసారి దిగే ఆట) గురించి నాలుగు ముక్కలు రాసి, సందేహాలుంటే అడగండి అన్నాను. ఎందుకన్నానా అనిపించేన్ని ఉత్తరాలొచ్చాయి. సగం ఉత్తరాల్లో ప్రశ్న ఒకటే కాబట్టి దానితోనే మొదలుపెడదాం.

ప్రశ్న: పోకెమాన్ స్కార్లెట్ గేమ్‌లో కథ మొత్తం పూర్తి చేశాను. గార్చాంప్, డ్రాగనైట్, టైరానిటార్, గయరాడోస్, లుకారియో, గెంగార్, ఆరూ లెవల్ 100. ఒక్కోటీ ఎదుటి టీమ్ మొత్తాన్ని ఊడ్చేసేది. ర్యాంక్డ్ (ఆన్‌లైన్‌లో ర్యాంకుల కోసం ఆడే) డబుల్స్‌లోకి వెళ్తే మాత్రం వరసగా 12 ఆటలు ఓడిపోయాను. తేడా ఎక్కడ కొడుతోంది?

జవాబు: ముందు ఆ లెవల్ 100 సంగతి మర్చిపోండి, ర్యాంక్డ్‌లో అన్నీ లెవల్ 50కే సర్దుకుంటాయి. ఆరింటినీ చూపించినా ఆడేది నాలుగింటితోనే, అందులోనూ ఒకసారికి రెండే బయట ఉంటాయి. కాబట్టి "నా దగ్గర బలమైనవి ఏవి" అని కాకుండా "ఏ రెండు పక్కపక్కన నిలబడితే ఎదుటివాడికి చిరాకు పుడుతుంది" అని చూసుకోవాలి. మీ లిస్టులో ఆరుగురు హీరోలున్నారు, పక్కన నిలబడి పని చేసిపెట్టేవాడు ఒక్కడూ లేడు.

మొదటి టర్న్ ఎలా జరిగి ఉంటుందో చూడండి. మీరు గార్చాంప్‌ని, టైరానిటార్‌ని దింపారు, అవతల ఇన్సినరోర్, ఫ్లటర్ మేన్ వచ్చాయి. ఇన్సినరోర్ అడుగుపెట్టగానే దానికున్న ఇంటిమిడేట్ అనే గుణం వల్ల మీ రెండింటి అటాక్ మూడింట రెండు వంతులకు పడిపోయింది. తర్వాత అది గార్చాంప్ మీద ఫేక్ అవుట్ వేసింది, అంటే గార్చాంప్‌కి ఈ టర్న్ లేనట్టే. ఈలోగా ఫ్లటర్ మేన్ డాజ్లింగ్ గ్లీమ్ వేసింది, అది మీ రెండింటికీ తగిలే మూవ్. గార్చాంప్ డ్రాగన్, టైరానిటార్ డార్క్, రెండింటికీ ఫెయిరీ అంటే పడదు. ఇద్దరికీ తగిలే మూవ్‌ల దెబ్బ డబుల్స్‌లో 75 శాతానికి తగ్గుతుంది నిజమే, కానీ ఇద్దరికీ పడుతుంటే ఆ తగ్గిన పావు వంతు గురించి ఎవడు బాధపడతాడు? మీరింకా ఒక్క దెబ్బా సరిగ్గా కొట్టలేదు, ఆట అప్పుడే చెయ్యిదాటిపోయింది.

ఇన్సినరోర్ పెద్దగా కొట్టే రకం కాదు. వస్తుంది, బెదిరిస్తుంది, ఫేక్ అవుట్ వేస్తుంది, పార్టింగ్ షాట్‌తో ఇంకాస్త నీరసపరిచి వెళ్లిపోతుంది, రెండు టర్న్‌ల తర్వాత మళ్లీ వచ్చి అదంతా మొదట్నుంచీ చేస్తుంది. డబుల్స్ ఆడేవాళ్లు దాన్ని తిట్టుకుంటూనే టీమ్‌లో పెట్టుకునేది ఇందుకే.

మీ ఆరింటిలో మూడు ఉంచుకోండి. గార్చాంప్, డ్రాగనైట్ కొట్టడానికి, గయరాడోస్ దాని ఇంటిమిడేట్ కోసం. మిగతా మూడు చోట్లలో ఒకటి ఫేక్ అవుట్ వేసేదానికి, ఒకటి స్పీడ్ సంగతి చూసుకునేదానికి, ఒకటి దెబ్బలు తన మీదకు లాక్కునేదానికి ఇవ్వండి. ఇన్సినరోర్, విమ్సికాట్, అమూంగస్ పెట్టి చూడండి. ఆ సీజన్ రూల్స్‌లో ఏవి అనుమతిస్తున్నారో మాత్రం ముందు చూసుకోండి, ఆ జాబితా మారుతూ ఉంటుంది. ఒకే ఐటమ్ (పోకెమాన్‌ చేతికిచ్చే వస్తువు) రెండింటికి ఇవ్వకూడదన్న రూల్ కూడా ఉంది. ఇంకో మాట, మీ గార్చాంప్‌కి నాలుగూ అటాక్ మూవ్‌లే ఉండి ఉంటాయని పందెం కడతాను. ఒకటి తీసేసి ప్రొటెక్ట్ పెట్టండి. డబుల్స్‌లో ప్రొటెక్ట్ అంటే టర్న్ వేస్ట్ చేయడం అనుకోకండి, ఇద్దరూ కలిసి మీ గార్చాంప్ మీద పడినప్పుడు అది దాక్కుంటే వాళ్ల రెండు మూవ్‌లూ గాలికి పోతాయి, మీ పక్కది తీరిగ్గా తన పని చేసుకుంటుంది. వరసగా రెండోసారి వేస్తే పనిచేసే అవకాశం మూడింట ఒక వంతే, అంత ఆశ వద్దు.

ప్రశ్న: నా ఎర్త్‌క్వేక్ నా పోకెమాన్‌నే చంపేసింది. ఇది బగ్గా?

జవాబు: బగ్ కాదండీ, మీ పుణ్యమే. ఎర్త్‌క్వేక్ పక్కనున్న మన జోడీకి కూడా తగులుతుంది. పక్కన ఫ్లయింగ్ టైప్‌నో, లెవిటేట్ గుణంతో గాల్లో తేలేదాన్నో నిలబెట్టండి, లేదా ఆ టర్న్‌లో దానిచేత ప్రొటెక్ట్ వేయించండి. హీట్ వేవ్, రాక్ స్లైడ్ లాంటివి ఎదుటి ఇద్దరికే తగులుతాయి, కాకపోతే రెండింటి గురీ 90 శాతమే, సరిగ్గా అవసరమైన రోజున ఆ మిగతా 10 శాతం వచ్చి కూర్చుంటుంది.

ప్రశ్న: టెయిల్‌విండ్ టీమ్ మంచిదా, ట్రిక్ రూమ్ టీమ్ మంచిదా? ఒక్క మాటలో చెప్పండి.

జవాబు: ఒక్క మాటలో అయితే మొదటిసారి కట్టేవాళ్లకు టెయిల్‌విండ్. ఎందుకో చెప్పాలంటే మాత్రం ఒక్క మాట సరిపోదు.

డబుల్స్‌లో సగం గొడవ ఎవరు ముందు కొడతారన్నదే. టెయిల్‌విండ్ మన వైపు స్పీడ్‌ని రెట్టింపు చేస్తుంది, వేసిన టర్న్‌తో కలిపి నాలుగు టర్న్‌లు. విమ్సికాట్, టోర్నాడస్‌లకు ప్రాంక్‌స్టర్ ఉంటుంది కాబట్టి మామూలు మూవ్‌లకన్నా ముందే వేసేస్తాయి, పైగా ఇప్పటి గేముల్లో పెరిగిన స్పీడ్ అదే టర్న్‌లో లెక్కలోకి వస్తుంది, అంటే పక్కన ఉన్నది అప్పటికప్పుడే రెట్టింపు స్పీడ్‌తో కొడుతుంది. అందుకే విమ్సికాట్ పక్కన ఊరికే నిలబడేదాన్ని కాకుండా గట్టిగా కొట్టేదాన్ని దింపాలి. మూడు నాలుగు టర్న్‌లలో రెండింటినైనా పడగొట్టలేకపోతే గాలి ఆగిపోయాక మీ చేతిలో మిగిలేది ఒక పీచు బొమ్మే.

ట్రిక్ రూమ్ దీనికి తలకిందులు, అందులో నెమ్మదిగా ఉన్నదే ముందు కదులుతుంది. వేసిన టర్న్‌తో కలిపి అయిదు టర్న్‌లు. చిక్కేమిటంటే ఆ మూవ్ ప్రయారిటీ మైనస్ 7, టర్న్‌లో దాదాపు అన్నిటికంటే చివర పడుతుంది. ఆ లోపల ఎదుటి ఇద్దరూ వేసేవాణ్ని కొట్టొచ్చు, టాంట్ వేయొచ్చు (అది పడితే దెబ్బ కొట్టే మూవ్‌లు తప్ప వేరేవి వేయలేం), ఫేక్ అవుట్‌తో ఆపేయొచ్చు. కాబట్టి ట్రిక్ రూమ్ వేసేదాన్ని కాపాడటం కూడా టీమ్‌లో భాగమే. ఫారిగిరాఫ్‌కి ఉన్న ఆర్మర్ టెయిల్ ఎదుటివాళ్ల ప్రయారిటీ మూవ్‌లు (స్పీడ్‌తో పనిలేకుండా ముందే పడేవి) తనకీ పక్కదానికీ తగలకుండా అడ్డుకుంటుంది, ఫేక్ అవుట్ బెంగ అక్కడితో తీరిపోతుంది. టాంట్ భయానికి మెంటల్ హెర్బ్ అనే ఐటమ్ ఉంది. పక్కన అమూంగస్ నిలబడి రేజ్ పౌడర్ వేస్తే ఒక్కరికే గురిపెట్టే దెబ్బలు దాని మీదకు పోతాయి. గ్రాస్ టైప్‌లను మాత్రం ఆ పౌడర్ ఏమీ చేయలేదు, ఇది గుర్తుపెట్టుకోకుండా నేను కూడా ఒకసారి ఆట పోగొట్టుకున్నాను. ఇదంతా దాటి ట్రిక్ రూమ్ పడిందా, బేస్ స్పీడ్ 20 ఉన్న టోర్కోల్ ముందొచ్చి ఎండలో ఎరప్షన్ వేస్తుంటే చూడాలి. నిండు హెచ్‌పీతో (ప్రాణంతో) ఉంటే ఆ మూవ్ పవర్ 150, ఇద్దరికీ తగులుతుంది.

నా మట్టుకు నాకు ట్రిక్ రూమ్ చూడటానికి ఇష్టం, ఆడాలంటే టెన్షన్. ఒక్క పని చెడితే టీమ్ మొత్తం నత్తల ఊరేగింపు అయిపోతుంది. టెయిల్‌విండ్ పడకపోయినా ఏదో ఒకటి చేయొచ్చు. అందుకే కొత్తవాళ్లకు అది చెప్పాను.

ప్రశ్న: ఈవీలు (అటాక్, స్పీడ్ లాంటి స్టాట్‌లు పెంచడానికి మనం పంచే పాయింట్లు) ఎప్పుడూ 252, 252, 4 అనే పెడతాను. తప్పని ఫ్రెండ్ అంటున్నాడు.

జవాబు: తప్పు కాదు, బద్ధకం. మొత్తం 510, ఒక స్టాట్‌కి 252 దాటవు. లెవల్ 50 దగ్గర మొదటి 4కి ఒక పాయింట్, ఆ తర్వాత ప్రతి 8కి ఒకటి పెరుగుతుంది. ప్రతి పాయింట్‌కీ ఒక కారణం ఉండాలన్నదే మీ ఫ్రెండ్ వాదన అయి ఉంటుంది.

ఒక లెక్క చేద్దాం. స్పీడ్ మొత్తం పెంచి, స్పీడ్‌కి తోడ్పడే టిమిడ్ నేచర్ పెట్టిన ఫ్లటర్ మేన్ స్పీడ్ లెవల్ 50లో 205. మీ డ్రాగనైట్ పక్కన టెయిల్‌విండ్ వేసే పోకెమాన్ ఉందనుకోండి. రెట్టింపయ్యాక 205 దాటాలంటే అసలు స్పీడ్ 103 ఉంటే చాలు, 206 అవుతుంది. స్పీడ్‌కి ఒక్క ఈవీ పెట్టకపోయినా, నేచర్ తోడు లేకపోయినా డ్రాగనైట్ స్పీడ్ 100 ఉంటుంది. ఇంకా కావలసింది మూడు పాయింట్లు, అంటే 20 ఈవీలు. మీరు కళ్లు మూసుకుని 252 పోసేచోట 20తో పని అయిపోతే, మిగిలిన 232 హెచ్‌పీకో డిఫెన్స్‌కో వెళ్తాయి, ఒక దెబ్బకు పడిపోయేది ఒక్కోసారి నిలబడుతుంది. ఆ ఫ్లటర్ మేన్ బూస్టర్ ఎనర్జీతోనో చాయిస్ స్కార్ఫ్‌తోనో స్పీడ్ పెంచుకుంటే ఈ లెక్క నిలవదు, అప్పుడు దాని సంగతి వేరేది చూసుకోవాలి.

టెయిల్‌విండ్ లేని టీమ్‌లో ఇదే 20 ఎందుకూ పనికిరాదు. ఈవీలు పోకెమాన్‌ని చూసి కాదు, పక్కన ఎవరున్నారో చూసి పెట్టాలని ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు.

ప్రశ్న: షైనీ (వేరే రంగులో అరుదుగా దొరికే పోకెమాన్) అయితే ఏమైనా లాభమా?

జవాబు: లేదు. ఓడినా అందంగా ఓడతారు.

ప్రశ్న: పైస్థాయి వాళ్ల టీమ్ కాపీ కొట్టి ఆడటం సిగ్గుచేటా? నాకు నా ఇష్టమైన పోకెమాన్‌తోనే ఆడాలని ఉంది, అందరూ నవ్వుతున్నారు.

జవాబు: ఇవి రెండు ప్రశ్నలు. కాపీలో సిగ్గేమీ లేదు, రెంటల్ టీమ్ కోడ్‌లు (ఇంకొకరి టీమ్‌ని అరువు తెచ్చుకుని ఆడే కోడ్‌లు) ఉన్నదే అందుకు. ఒక టీమ్ తీసుకుని 30 ఆటలు ఏమీ మార్చకుండా ఆడండి, ఏది ఎందుకుందో చేతికే తెలుస్తుంది.

ఇక ఇష్టమైన పోకెమాన్. 2014లో వాషింగ్టన్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో కొరియా ఆటగాడు సెజున్ పార్క్ పచిరిసుతో టైటిల్ గెలిచాడు. పచిరిసు అంటే ఓ బుజ్జి ఎలక్ట్రిక్ ఉడుత, అప్పటిదాకా దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ముద్దొస్తోంది కాబట్టి పెట్టాడనుకుంటే పొరపాటు. అతని టీమ్‌లో గయరాడోస్ ఉంది, దానికి ఎలక్ట్రిక్ మూవ్‌లంటే ప్రాణగండం. పచిరిసుకి వోల్ట్ అబ్జార్బ్ ఉంది, ఎలక్ట్రిక్ దెబ్బ తగిలితే నష్టం సరికదా హెచ్‌పీ పెరుగుతుంది. ఫాలో మీ వేసి ఆ దెబ్బలన్నీ తన మీదకు లాక్కునేది. గయరాడోస్ పక్కన దానికంటే సరైన జోడీ ఆ టీమ్‌లో ఇంకోటి లేదు.

కాబట్టి మీ ఇష్టమైనది ఏం చేస్తుందో, ఆ పని ఇంకేదీ అంత బాగా ఎందుకు చేయలేదో ఒక వాక్యంలో రాసి నాకు పంపండి. రాయగలిగితే నవ్వేవాళ్లను నవ్వనివ్వండి. రాయలేకపోతే మీ మనసు నొచ్చుకోకుండా చెప్పడం నాకు చేతకాదు, దాన్ని బాక్స్‌లో పెట్టేయండి.

ప్రశ్న: టీమ్ బాగానే ఉంది. ఆట మొదలయ్యే ముందు నాలుగు ఎంచుకోవడానికి 90 సెకన్లు ఇస్తారుగా, అక్కడే చేతులు వణుకుతాయి. ఓడిన ప్రతిసారీ టీమ్ మార్చేస్తున్నాను.

జవాబు: వణుకుతాయి మరి. ఆరింటిలో నాలుగు 15 రకాలుగా ఎంచుకోవచ్చు, అందులో ముందు దిగే ఇద్దరినీ కలుపుకుంటే మొత్తం 90 దారులు. సెకనుకొకటి చొప్పున ఎవడు చూడగలడు? అందుకే ఆ పని ఇంట్లోనే చేసుకోవాలి. మీకు తరచుగా ఎదురయ్యే టీమ్‌లు ఐదారు రకాలే ఉంటాయి: వానది, ఎండది, ట్రిక్ రూమ్, టెయిల్‌విండ్ ఇలా. ఒక్కోదానికి మీ లీడ్ ఎవరు, వెనక ఎవరు అని ఒక కాగితం మీద రాసుకుని పక్కన పెట్టుకోండి. రాస్తున్నప్పుడు మీ ఆరింటిలో ఒకటి ఏ వరసలోనూ రాకపోతే టీమ్‌లోంచి తీయాల్సింది అదే. ఓడినప్పుడు మార్చాల్సింది ముందు ఆ కాగితం. ఓడిపోయిన ఆటలో మొదటి రెండు టర్న్‌లు ఏం జరిగాయో ఒక్క లైన్ రాసుకోండి, పది ఆటల తర్వాత తీసి చూస్తే ఒకే పోకెమాన్ పేరు నాలుగుసార్లు కనిపిస్తుంది. అప్పుడు దానికి జవాబుగా ఒక్కదాన్ని మార్చండి, మిగతా అయిదింటి జోలికి పోకుండా.