తిరగేసి చూడండి

పాత సామాన్లతో ఇల్లు తీర్చిదిద్దుకోవడం గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. పాత చెక్క సామాను బాగుచేయడమే నా పని కాబట్టి, చేత్తో పట్టి చూసి తెలుసుకున్న సంగతులే రాస్తున్నాను.

ప్రశ్న: పాత సొరుగుల బల్ల ఒకటి అమ్మకానికి వచ్చింది మేడమ్. నూరేళ్లు దాటిందనీ, అంతా అసలు చెక్కేననీ అంటున్నారు. పైకి నిగనిగలాడుతోంది. ఆ మాట నమ్మొచ్చో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: నిగనిగను పక్కన పెట్టి, ముందు ఒక సొరుగు పూర్తిగా బయటికి లాగండి. పాలిష్ ఎప్పుడూ కనిపించే వైపే పెడతారు. సొరుగు పక్కలు, అడుగు, బల్ల వీపు మాత్రం చేసినవాళ్లు ఎలా వదిలారో అలాగే ఉంటాయి. వయసైనా, గట్టితనమైనా తెలిసేది అక్కడే.

సొరుగు ముందు పలక, పక్క పలక కలిసే మూల చూడండి. మంచి పనితనం ఉన్న సొరుగులో ఆ రెండూ వేళ్లలో వేళ్లు దూర్చినట్టు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. దీన్ని డవ్‌టెయిల్ అతుకు అంటారు. ఆ పళ్లలో ఒకటి కాస్త వెడల్పుగా, ఒకటి కాస్త సన్నగా ఉండి, వాటి మొదట్లో కొలతకు గీసుకున్న సన్నటి గీత కూడా కనిపిస్తే అది చేత్తో కోసిన అతుకు. అన్నీ అచ్చుగుద్దినట్టు ఒకే కొలతలో ఉంటే మిషన్‌ది. మిషన్‌ది అయినంత మాత్రాన తక్కువేమీ కాదు, అదీ గట్టిగానే నిలుస్తుంది. మూలలో స్టేపుల్ పిన్నులు కనిపిస్తే మాత్రం నూరేళ్ల మాట మరిచిపోండి.

తర్వాత సొరుగును బోర్లించి, అడుగు పలక మీద అరచెయ్యి ఆడించండి. చేత్తో చిత్రిక పట్టిన చెక్క పూర్తి నున్నగా ఉండదు. సన్నటి పల్లాలు వేళ్లకు తగులుతాయి. చూపు కన్నా వేలికొసలు వాటిని తొందరగా పట్టుకుంటాయి కాబట్టి కళ్లు మూసుకుని తడిమినా మంచిదే. మరలు కూడా చూడండి. ప్లస్ గుర్తు గాడి ఉన్న మరలు వాడకంలోకి వచ్చింది 1930ల్లో. హెన్రీ ఫిలిప్స్ పేటెంట్లు 1936 నాటివి. నూరేళ్లు దాటిందన్న బల్లలో అన్నీ అవే మరలుంటే, మధ్యలో ఎవరో విప్పి బిగించి ఉండాలి, లేదా చెప్పిన వయసు అబద్ధమై ఉండాలి. పిడుల వెనక పాత బెజ్జాలు పూడ్చిన గుర్తులుంటే పిడులు మార్చారని అర్థం. అది పెద్ద లోపం కాదు గానీ, ధర మాట్లాడేటప్పుడు ఆ సంగతి ఎత్తండి.

ఎప్పుడైనా గుండ్రటి పాత బల్ల దొరికితే టేపుతో రెండు దిక్కులా కొలవండి. చెక్క ఏళ్లు గడిచేకొద్దీ పొడవునా దాదాపు తగ్గదు, నారకు అడ్డంగా మాత్రం కుంచించుకుపోతుంది. అందుకే నిజంగా పాతదైన గుండ్రటి బల్ల ఒక దిక్కున కాస్త తక్కువ కొలత చూపిస్తుంది. ఈ తేడాను ఎవరూ పాలిష్‌తో దాచలేరు.

ఇక అసలు చెక్కా, పైపొరా అన్నది పలక అంచు దగ్గర తేలుతుంది. పైన కనిపించే చారలు అంచు మీదుగా దిగి, పలక చివర కూడా వాటికి సరిపడే వలయాల ముక్కలుగా కనిపిస్తే నిండు చెక్క. అంచుకు వేరే పట్టీ అతికినట్టుంటే వెనీర్, అంటే పైన అతికిన పలచటి చెక్క పొర. నా అభిప్రాయం ఏమిటంటే, వెనీర్ అనగానే వదిలేయకండి. వందల ఏళ్లుగా గొప్ప గొప్ప బీరువాలు వెనీర్‌తోనే చేశారు. చూడాల్సింది పొర కింద ఏముందన్నదే. నిండు చెక్క గానీ మంచి ప్లైవుడ్ గానీ ఉంటే తీసుకోండి. చెక్కపొట్టుతో నొక్కిన బోర్డు ఉండి, కాళ్ల దగ్గర తేమకు ఉబ్బి ఉంటే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. ఆ ఉబ్బు మళ్లీ తగ్గదు, ఆ చోట మర పట్టదు.

పురుగు సంగతి మరిచిపోవద్దు. చిన్న చిన్న గుండ్రటి చిల్లులు కనిపిస్తే కింద నల్లటి కాగితం పరిచి, చెక్కను వేలితో గట్టిగా తట్టండి. లేత రంగు పొడి తాజాగా రాలితే పురుగు ఇంకా లోపలే ఉండొచ్చు. చిల్లులు నల్లబడి, పొడి రాలకపోతే ఎప్పుడో తిని పోయి ఉంటుంది. అయినా కొన్ని వారాలు మిగతా చెక్క సామానుకు దూరంగా, కింద కాగితం పరిచి ఉంచండి. గోరుతో నొక్కితే కాలి అడుగు మెత్తగా దిగిందా, ఇక ఆ బల్ల జోలికి వెళ్లకండి.

ప్రశ్న: పాత వస్తువులంటే ప్రాణం. ఒక్కొక్కటీ తెచ్చుకుంటుంటే ఇల్లు సామాన్ల గదిలా ఉందని ఇంట్లోవాళ్లు అంటున్నారు. భోజనాల బల్ల చుట్టూ నాలుగు రకాల కుర్చీలున్నాయి. వీటిని అందంగా ఎలా అమర్చాలి?

జవాబు: మీ నాలుగు రకాల కుర్చీలను అమ్మేయకండి. జత కుదరని కుర్చీలు కూడా ఒక బల్ల చుట్టూ చక్కగా కలిసిపోతాయి. ఎత్తు కుదిరితే చాలు. మామూలుగా భోజనాల బల్ల 72 నుంచి 76 సెంటీమీటర్లు ఉంటుంది, కుర్చీ పీట 43 నుంచి 46. ఈ రెంటి మధ్య 27 నుంచి 30 సెంటీమీటర్ల సందు ఉంటే మోకాళ్లకూ చేతులకూ సుఖం. మీ కుర్చీలు కొలవండి. ఒకటి పొట్టిగా ఉంటే దాని మీద దిండు వేయొచ్చు. ఒకటి మరీ ఎత్తుగా ఉంటే అది బల్ల దగ్గర కాదు, కిటికీ పక్కన ఉండాల్సిన కుర్చీ. పీటలన్నీ ఒకే ఎత్తులోకి వచ్చాక నాలుగింటి మీదా ఒకే బట్టతో కుట్టిన దిండ్లు వేసి చూడండి, వేర్వేరు ఇళ్ల నుంచి వచ్చాయన్న సంగతే కనపడదు.

కుర్చీల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. ఆవిరి పట్టి వంచిన బీచ్ చెక్కతో, గుండ్రటి పీటతో సన్నగా ఉండే కుర్చీలు పాత సామాన్లలో తరచుగా కనిపిస్తాయి. వియన్నాలోని థోనెట్ కంపెనీ 1859లో తెచ్చిన 14వ నంబరు కుర్చీ వాటికి మూలం. ఆరు చెక్క ముక్కలు, పది మరలు, రెండు నట్లు, అంతే ఆ కుర్చీ. విడదీసి సర్దితే ఒక ఘనమీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. ఇలాంటి కుర్చీ ఊగుతోందని ఎవరైనా చవగ్గా ఇచ్చేస్తుంటే తిరగేసి చూడండి. చాలాసార్లు మరలు వదులై ఉంటాయి, అంతకు మించి జబ్బేమీ ఉండదు. పీటకు అల్లిన కేన్ పగలకుండా కాస్త జారి మాత్రమే ఉంటే, కుర్చీని బోర్లించి అల్లికకు అడుగు వైపు నుంచి వేడినీళ్లలో పిండిన బట్ట అద్దండి. తడి చెక్కకు తగలకుండా చూసుకుని, నీడలో పూర్తిగా ఆరేదాకా ఎవరినీ కూర్చోనివ్వకండి. ఆరుతూ ఆరుతూ కేన్ మళ్లీ బిగుసుకుంటుంది. మీటితే టంగుమనే దాకా బిగుసుకున్న పీటలు చూశాను, నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన ఘడియ అదే.

గది సంగతి. ఒక గదికి ఒక పెద్ద పాత వస్తువు చాలు. దాని చుట్టూ చోటు వదలండి. ఎదురుగోడ ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు, ఆ ఖాళీ వల్లే వస్తువు కంటికి ఆనుతుంది. దాని చెక్క రంగునో, పిడి రంగునో గదిలో ఇంకో రెండు చోట్ల చిన్నగా కనిపించనివ్వండి, ఫొటో ఫ్రేములోనో, దీపం కాడలోనో. పటాలు మరీ పైన తగిలించకండి. నేల నుంచి పటం మధ్య భాగానికి 145 నుంచి 150 సెంటీమీటర్లు ఉంటే నిలబడ్డవాళ్ల చూపుకు సరిగ్గా అందుతుంది. మిగిలిన చిన్న వస్తువులన్నీ ఒకేసారి బయట పెట్టాలనేముంది? సగం పెట్టెలో దాచి, అప్పుడప్పుడూ మార్చండి.

ప్రశ్న: పాత అద్దం కొన్నాను. అంచుల్లో నల్లమచ్చలు. అద్దం మార్పించి ఫ్రేము ఉంచుకోమంటున్నారు.

జవాబు: మార్పించకండి. గాజు వెనక పూసిన వెండి పూతలోకి తేమ చేరితే వచ్చే మచ్చలవి. గాజు మీద వెండి పూత పూసే రసాయన పద్ధతిని జర్మన్ శాస్త్రవేత్త లీబిగ్ 1835లో కనిపెట్టాడు. మీదీ అలాంటిదే అయితే ఆ మచ్చలతోనే కిటికీకి ఎదురుగా తగిలించండి, వెలుతురు ఎంత మెత్తగా తిరిగొస్తుందో చూడండి. ముఖం స్పష్టంగా చూసుకోవడానికి వేరే అద్దం పెట్టుకోవచ్చు. ఒక్క జాగ్రత్త. అంతకన్నా పాత అద్దాలకు తగరం, పాదరసం కలిపి పూసేవారు. కింది అంచున వెండి చుక్కల్లా జారే బొట్లు కనిపిస్తే చేత్తో తాకకండి, చీపురుతో ఊడవకండి, పడకగదిలో ఉంచకండి. ఆ పని తెలిసినవాళ్లకే అప్పగించాలి.

ప్రశ్న: పాత చెక్క బీరువాకి తెల్ల రంగు వేస్తే కొత్తగా కనిపిస్తుంది కదా? ఇప్పుడు దాని మీద పాత ఆకుపచ్చ రంగు ఉంది.

జవాబు: గీకడం మొదలుపెట్టకముందే ఆగండి. పాత రంగుల్లో సీసం ఉండేది. ఇళ్లలో వాడే రంగుల్లో సీసాన్ని అమెరికా 1978లో నిషేధించింది, కొన్ని దేశాల్లో ఇంకా ఆలస్యంగా. పొడిగా గరుకు కాగితం పట్టిస్తే ఆ దుమ్ము గాల్లో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పిల్లలకు మరీ ప్రమాదం. సీసం పరీక్ష చేయించాకే పని ముట్టుకోండి. పాత రంగున్న ఉయ్యాల గానీ, పిల్లల మంచం గానీ ఎంత ముద్దుగా ఉన్నా కొనకండి.

రంగు లేని చెక్క బీరువా ఉన్నవాళ్లకు నా సలహా వేరు. కనపడని చోట స్పిరిట్ ఒక్క చుక్క వేసి, కాసేపాగి వేలితో తాకండి. జిగటగా మారితే అది లక్క పాలిష్. 1920ల్లో లక్కర్లు అనే కొత్త రకం పూతలు వచ్చేదాకా మేలైన సామానుకు ఎక్కువగా అదే పూసేవారు. లక్క మీద లక్క మళ్లీ చక్కగా కలిసిపోతుంది, కాబట్టి ఉన్నదాన్నే తేటపరచొచ్చు. దాన్ని తెల్ల రంగు కింద పూడ్చేస్తే తిరిగి పైకి తేవడం ఎంత కష్టమో ఆ రంగు తీసేవాళ్లకు తెలుసు. వెలుతురు కావాలంటే బీరువా లోపలి గోడలకు లేత రంగు కాగితం అతికించండి, పిడులు మార్చండి. పాత పిడులు మాత్రం ఒక పొట్లంలో కట్టి ఆ బీరువాలోనే ఉంచండి.

ప్రశ్న: సోఫా, పరుపు కూడా వాడినవి తీసుకోవచ్చా?

జవాబు: పరుపు వద్దు. సోఫా అయితే ముందు కాలు ఒకటి జానెడు ఎత్తండి. కాసేపట్లోనే రెండో ముందు కాలు కూడా లేవాలి. లేవకుండా మెలి తిరిగితే లోపలి చట్రం బలహీనమైందని అర్థం. టార్చి వేసి కుట్ల సందుల్లో చూడండి. నల్లటి చుక్కలు, ఊడిన పొట్టు కనిపిస్తే నల్లులున్నట్టే. విప్పదగ్గ తొడుగులను బట్ట ఓర్చుకుంటే 60 డిగ్రీల నీళ్లలో ఉతికి అవి చచ్చేలా చేయొచ్చు గానీ, చట్రంలో దాక్కున్న వాటిని వదిలించడం చాలా కష్టం.

ప్రశ్న: పెద్ద బీరువా నచ్చింది. గుమ్మం పడుతుందో లేదో అని భయం.

జవాబు: గుమ్మం కొలుస్తారు గానీ, పైకప్పును చాలామంది మరిచిపోతారు. పడుకోబెట్టి తెచ్చిన బీరువాను నిలబెట్టేటప్పుడు దాని ఐమూల పైకప్పు కింద తిరగాలి. 210 సెంటీమీటర్ల ఎత్తు, 60 లోతు ఉన్న బీరువాకు ఆ ఐమూల 218 పైచిలుకు. గది ఎత్తు 215 అయితే బీరువా అక్కడ పడుతుంది గానీ, నిలబడదు. మెట్ల మలుపు కూడా కొలుచుకోండి. కుదరకపోతే పై కిరీటం, వెనక పలక విడిగా వస్తాయేమో అమ్మేవాళ్లను అడగండి. పెద్ద పాత బీరువాల్లో చాలావాటిని ముక్కలుగా విడిపోయేలాగే చేశారు. విప్పే ముందు ప్రతి అతుకు దగ్గరా రెండు ముక్కల మీదా ఒకే నంబరు సుద్దతో వేసి, ఫొటో తీసి పెట్టుకోండి.