థైరాయిడ్ గడ్డలు: ఆపరేషనా, రేడియో అయోడినా?

ప్రశ్న: నా వయసు 58. మెడ ముందు వాపు చాలా ఏళ్లుగా ఉన్నా బాధ లేదని పట్టించుకోలేదు. ఏడాదిగా గుండె దడ, చేతుల వణుకు మొదలై, బాగా చిక్కిపోయాను. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ అతిగా పనిచేస్తే తగ్గిపోయే హార్మోన్) 0.01 ఉంది. అల్ట్రాసౌండ్‌లో చాలా గడ్డలు కనిపించాయి, అన్నిటికన్నా పెద్దది 3 సెంటీమీటర్లు. ఐసోటోప్ స్కాన్‌లో రెండు చిన్న గడ్డలు అతిగా పనిచేస్తున్నాయని, ఆ పెద్దది అసలు పనిచేయడం లేదని రాశారు. థైరాయిడ్ హార్మోన్‌ను తగ్గించే కార్బిమజోల్ మాత్రలతో దడ తగ్గింది. ఒక డాక్టరుగారు ఆపరేషన్ అన్నారు, మరొకరు రేడియేషన్ ఇచ్చే అయోడిన్ మందు (రేడియో అయోడిన్) చాలన్నారు. ఇంట్లో రెండేళ్ల మనవడు ఉన్నాడు, రేడియేషన్ అంటే భయం. మాత్రలతోనే నెట్టుకురావచ్చా?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మాత్రలు హార్మోన్ తయారీని అదుపులో ఉంచుతాయే తప్ప గడ్డలను నయం చేయవు. గడ్డలు కాక, రోగనిరోధక శక్తి గ్రంథినంతా రెచ్చగొట్టడం వల్ల వచ్చే గ్రేవ్స్ వ్యాధిలోనైతే 12 నుంచి 18 నెలలు వాడి ఆపేసిన తర్వాత కొందరికి జబ్బు తిరిగి రాదు. గడ్డల వల్ల వచ్చే అతి చురుకుదనంలో ఆ ఆశ పెట్టుకోలేము, మాత్ర మానితే దాదాపు ఎప్పుడూ దడ తిరిగి మొదలవుతుంది. మిగతా రెండు చికిత్సలకూ తట్టుకోలేని వృద్ధులకు తక్కువ మోతాదులో ఏళ్ల తరబడి ఇస్తుంటాము గానీ, మీ వయసుకు దాన్ని సూచించను. ఈ మందు అరుదుగా తెల్ల రక్తకణాలను పడగొడుతుంది కాబట్టి, వాడుతున్నంతకాలం ఒక జాగ్రత్త తప్పనిసరి: జ్వరంతో పాటు గొంతునొప్పి వస్తే, వానాకాలపు వైరల్ జ్వరమేలే అని పారాసిటమాల్ వేసుకుని ఊరుకోకుండా, కార్బిమజోల్ ఆపి, ఆ రోజే తెల్ల రక్తకణాల పరీక్ష చేయించుకోవాలి.

మీ ఉత్తరంలో నన్ను ఆపినది ఆ 3 సెంటీమీటర్ల గడ్డ. అతిగా పనిచేసే గడ్డల్లో క్యాన్సర్ చాలా అరుదు కాబట్టి వాటికి సాధారణంగా సూది పరీక్ష అక్కర్లేదు, కానీ పనిచేయని గడ్డకు ఆ భరోసా లేదు. అలాంటి వాటిలోనూ ఎక్కువ భాగం మామూలువే అయినా, ఇంత పెద్దదాన్ని సాధారణంగా సూదితో పరీక్షించి చూస్తాము. ఆ పరీక్ష జరిగినట్టు మీరు రాయలేదు. పైగా పనిచేయని గడ్డ అయోడిన్‌ను పీల్చుకోదు కనుక, రేడియో అయోడిన్ తీసుకున్నా దాని మీద ప్రభావం పెద్దగా ఉండదు. అనుమానం మిగిలితే ఆపరేషనే మార్గం; మామూలు గడ్డే అని తేలితే రెండు దారులూ తెరిచే ఉంటాయి.

అప్పుడు చూడవలసింది వాపు గొంతును, శ్వాసనాళాన్ని నొక్కుతోందా అన్నది. మింగడం కష్టమైనా, రెండు చేతులూ పైకెత్తి జడ వేసుకునేటప్పుడు ముఖం కందిపోయి ఊపిరి అందనట్టున్నా, వాపు రొమ్ము ఎముక వెనక్కి దిగి ఉండవచ్చు. అలాంటప్పుడు ఆపరేషనే మేలు. సీటీ స్కాన్ రాస్తే, మీకు ఉన్న జబ్బు సంగతి ముందే చెప్పండి, ఎందుకంటే అయోడిన్ ఉన్న కాంట్రాస్ట్ ఇంజెక్షన్ దడను పెంచగలదు, ఆపై కొన్ని వారాలపాటు రేడియో అయోడిన్ సరిగా పనిచేయనివ్వదు.

ఈ ఇబ్బందులేవీ లేకపోతే నేను రేడియో అయోడిన్ వైపే మొగ్గుతాను. 1940ల నుంచి వాడుకలో ఉన్న ఈ మందును క్యాప్సూల్‌గానో ద్రవంగానో మింగిస్తారు. దాని శక్తి 8 రోజులకోసారి సగమవుతుంది, చాలా భాగం మూత్రంలో పోతుంది. ఫలితం కనబడడానికి నెలలు పడుతుంది, కొందరికి రెండోసారి ఇవ్వవలసి రావచ్చు, వాపు తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు. మనవడిని ఒళ్లో పెట్టుకోవడం, పక్కలో పడుకోబెట్టుకోవడం ఎన్ని రోజులు మానాలో మోతాదును బట్టి న్యూక్లియర్ మెడిసిన్ డాక్టరు చెబుతారు. ఆ కొద్ది రోజులు వాడిని మరొకరి దగ్గర ఉంచగలిగితే చికిత్స మానుకోవలసిన పని లేదు.

ఆపరేషన్‌లో ఫలితం వెంటనే వస్తుంది, గ్రంథి మొత్తం తీసేస్తే థైరాక్సిన్ మాత్ర జీవితాంతం వేసుకోవాలి. స్వరనాడి దెబ్బతిని గొంతు బొంగురుపోవడం, క్యాల్షియం పడిపోవడం అనే రెండు ముప్పులు సర్జన్ చేతి అనుభవాన్ని బట్టి తగ్గుతాయి. కనుక ఏడాదికి ఎన్ని థైరాయిడ్ ఆపరేషన్లు చేస్తారని ఆయన్ను మొహమాటం లేకుండా అడగండి. హార్మోన్లు మామూలు స్థాయికి వచ్చాకే కత్తి పట్టించాలి.

రెండో అభిప్రాయం కోసం విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఎండోక్రినాలజీ (హార్మోన్ జబ్బుల) విభాగానికి వెళ్లినా, మరెక్కడికి వెళ్లినా, రిపోర్టు కాగితంతో పాటు స్కాన్ ఫిల్మ్ కూడా తీసుకెళ్లండి. దడ తగ్గినా ఒకసారి ఈసీజీ తీయించండి. గుండె లయ తప్పి ఉంటే ఈ నిర్ణయాన్ని ఎక్కువ కాలం వాయిదా వేయకూడదు.